ఆది లేని కొలత

"చొక్కా విప్పండి" అంది సూదిపిల్ల.

మాస్టారికి నవ్వొచ్చింది. ఎదుటివాళ్ళచేత చొక్కాలు విప్పించడం, తొడిగించడం, మళ్ళీ విప్పించడం, ఇన్నేళ్ళుగా తను చేసింది అదొక్కటే. చేతులు కాస్త ఎత్తండి, పొట్ట లోపలికి లాక్కోకండి, ఇవాళ మీరు లాక్కుంటే రేపు ఆ గుండీ లాగలేక చస్తుంది, అని ఎంతమందితో అన్నాడో లెక్కలేదు. అలాంటి దర్జీని పట్టుకుని కూతురంత పిల్ల, మోచేతుల దాకా పువ్వులూ చేపలూ తీగలూ పచ్చబొట్లు పొడిపించుకుని చేతుల మీద జానెడు జాగా మిగల్చని పిల్ల, చొక్కా విప్పమంటోంది. విప్పాడు. నీలి చారల చొక్కా. పై గుండీ నుంచి కింది గుండీ దాకా వరసగా విప్పుకుంటూ వచ్చి, మడత నలక్కుండా భుజాలు పట్టుకుని, గోడనున్న నిలువుటద్దం పక్క కొక్కేనికి తగిలించాడు. అద్దం వైపు మాత్రం చూడలేదు. పొద్దున్న ఇంట్లో చూసింది చాలు. బీరువా అద్దం ముందు నిలబడి పెన్నుతో తన ఒంటి మీద తనే మూడు గుర్తులు పెట్టుకుని, అవెక్కడ చెరిగిపోతాయోనని చేతులు ఒంటికి తగలనీయకుండా, కొట్టు ముందు గుడ్డలు తొడిగి నిలబెట్టే బొమ్మలాగా బిర్రబిగుసుకుని వీధి పొడవునా నడిచొచ్చాడు. దారిలో ఒక ముసలాయన జాలిగా చూశాడు, పక్షవాతమనుకున్నాడు కాబోలు. ఒక పక్షం వాతం కాదు బాబూ, ఒక పక్షమే మిగిలిపోవడం. రెండో పక్షం ఎగిరిపోయింది.

బల్ల మీద కాగితం పరిచి ఉంది. పడుకోగానే గరగరమంది. ఆస్పత్రి బల్ల మీదా ఇదే కాగితం, ఇదే గరగర, ఆవిడ మొదటిసారి దాని మీద కూర్చున్నప్పుడు "మాస్టారూ, నన్ను పొట్లం కట్టేలా ఉన్నారు, అడ్రసు సరిగ్గా రాయించండి" అంది. ఆవిడంటే ఇంకెవరు, ఇంటావిడే. పెళ్ళయిన కొత్తలో కొట్టుకొచ్చే ఆడవాళ్ళందరూ మాస్టారూ మాస్టారూ అనడం విని, ఊరందరికీ మాస్టారైన మనిషి నాకు మాత్రం ఏవండీ ఎందుకవ్వాలి అని తనూ మాస్టారనే పిలిచింది. అతను ఊరుకుంటాడా, కస్టమరుగారూ అన్నాడు. జీవితాంతం కూలి ఇవ్వని కస్టమరు. తప్పులు పట్టే కస్టమరు. ఇంకో కొట్టుకి పోనని మాటిచ్చి, కొట్టే కట్టేసి పోయిన కస్టమరు.

"మూడు చుక్కలేనా?" అంది సూదిపిల్ల, చేతులకి తొడుగులు లాక్కుంటూ.

"చుక్కలే."

"పేరు, పువ్వు, ఏమైనా?"

"చుక్కలే."

ఈ దేశం భాషలో మాస్టారికి వచ్చినవన్నీ కొట్టు మాటలే. పొడుగు, పొట్టి, వదులు, బిగువు, రేపు రండి. వాటితోనే బతుకు నెట్టుకొచ్చాడు. ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నదే నోట్లో పోగుపడిపోయి, సూది బెజ్జంలోకి ఎక్కని దారంలాగా కొస చీలి నిలబడిపోతుంది. మిగతాదంతా ఆవిడే మాట్లాడేది. కూరలవాడితో, బస్సువాడితో, ఆస్పత్రిలో, ఇంటివాళ్ళతో. ఇప్పుడు బజార్లో తను చూపుడువేలితో మాట్లాడుతున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ చూపుడువేలు చూపించి మాట్లాడితే ఎంత కోపమొచ్చేదో.

సూదిపిల్ల వంగి పెన్నుగుర్తులు చూసింది. "చోటు సరిగ్గా చూసుకున్నారా? ఒకసారి పొడిస్తే తుడిచినా పోదు."

తుడిచినా పోదని వినే కదమ్మా వచ్చింది. తుడిస్తే పోయేవన్నీ పోయాయి. "సరిగ్గానే ఉన్నాయి" అన్నాడు. కంటికొలతలో ఆవగింజంత తేడా రాని మనిషి. మేనమామ కొట్లో పని నేర్చుకునే రోజుల్లో ఆయన చెక్కస్కేలుతో వేళ్ళ మీద కొట్టి నేర్పిన మొట్టమొదటి పాఠం, కత్తెర పట్టుకోవడం కాదు, సూదిలో దారం ఎక్కించడం కాదు, ఎదురుగా నిలబడినవాళ్ళ ఎడమ నీ కుడిచేతి వైపు ఉంటుందిరా గాడిదా అని. అది తప్పితే జేబు అటు పోతుంది, గుండీలు ఇటొస్తాయి, కస్టమరు ఎటో పోతాడు. ఆ స్కేలు దెబ్బల తర్వాత ఎవరి ఎడమా కుడీ తప్పలేదు మాస్టారికి. తన కొలతలు మాత్రం తనెప్పుడూ తీసుకోలేదు. దర్జీ కొలత దర్జీకి అందదు, టేపు ఒక కొస పట్టుకుంటే రెండో కొస జారుతుంది. ఆవిడే తీసేది. టేపు మెడలో వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, అచ్చం అతనిలాగే, "ఊపిరి బిగబట్టకండి మాస్టారూ, ఇవాళ మీరు లాక్కుంటే రేపు గుండీ చస్తుంది" అని. నడుము కొలత పైకి చదవకుండా నోట్లోనే గొణిగి రాసుకునేది. పైకి చదివితే ఇంట్లో తిండి తగ్గించాల్సి వస్తుందట.

పచ్చబొట్టు అంటారు గానీ, దాన్నిండా అబద్ధాలే. పచ్చగా ఉండదు, నల్లగా ఉంటుంది. పచ్చగా ఉన్న కాపురాలవాళ్ళు పొడిపించుకుంటారేమో, ఇక్కడ కాపురమే ఎండిపోయింది. ఆవిరన్నతో చెప్పినప్పుడు ఆవిరన్న చేతిలో ప్యాంటు వదిలేశాడు. పెద్ద బట్టల దుకాణం కింద, కిటికీ లేని గదిలో, మాస్టారు మిషను ముందు, ఆవిరన్న ఆవిరి ఇస్త్రీ ముందు, మన భాష తెలిసినవాళ్ళు ఆ గదిలో ఇద్దరే. పొగలో నిలబడి మాట్లాడతాడు కనక ఆయన మొహం సగమే కనిపిస్తుంది, మాట మాత్రం పూర్తిగా వినిపిస్తుంది.

"పచ్చబొట్టా! ఈ వయసులో నీకిదేం పొడుపురా మాస్టారూ?"

"పొడుపుకథ అనుకో అన్నా."

"విప్పేదెవరు?"

"విప్పేవాళ్ళు పోయారు కనకే పొడిపించుకుంటున్నా."

ఆవిరన్న కాసేపు ఆవిరిలోకి వెళ్ళిపోయాడు. ఆవిరి తగ్గాక కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాడు, ఆవిరి వల్లే అన్నట్టు. "సరే, పొడిపించుకో. మా మరదలి పేరు అడ్డంగా, గుండె మీద, పెద్దక్షరాల్లో."

"పేరు మర్చిపోనన్నా. మర్చిపోతున్నది వేరే."

వేరేదేమిటో చెప్పలేదు. ఎలా చెప్తాడు? మొన్నామధ్య సెలవురోజు మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ నేల మీద పలకలాగా పడి ఉంటే, ఆ ఎండలో గుడ్డ పరిచాడు. మెత్తటి నూలుగుడ్డ, ఆవిడకి నచ్చే లేత వంగపండు రంగు. ఎందుకు పరిచాడో తనకే తెలీదు, వేసుకునేవాళ్ళు లేని జాకెట్టు కోయాలనిపించింది, చేతులు ఖాళీగా ఉంటే మెడలో టేపు కోసం వెతుక్కుంటున్నాయి. ఛాతీ కొలత వచ్చింది, నడుము వచ్చింది, చెయ్యి పొడుగు వచ్చింది, వీపు మీద మెడ ఎంత దించాలో వేళ్ళకే తెలుసు. భుజం దగ్గర సుద్ద ఆగిపోయింది. రాలేదు. భుజం కొలత రాలేదు. ఆ భుజం మీద తల పెట్టుకుని ఎన్నిసార్లు పడుకున్నాడు, ఆ భుజం పట్టుకుని ఆస్పత్రి మెట్లు ఎక్కించాడు, ఆ భుజం ఎంత? ఎండ పలక నేల మీద జరుగుతూ జరుగుతూ గోడెక్కింది, సుద్ద అలాగే పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. ఆది జాకెట్టు ఉంటే చాలు. కొట్టుకొచ్చే ప్రతి ఆడమనిషీ తెచ్చేదే, పాతది, ఒంటికి సరిపోయేది, ఇదిగో మాస్టారూ ఆది, దీనిలాగే కుట్టండి అని. ఆది ఉంటే కొలతతో పనిలేదు, మనిషే రానక్కర్లేదు. ఒక్కటి ఉంటే. లేదు. ఆవిడ పోయిన వారంలోనే ఆవిరన్నా వాళ్ళావిడా వచ్చి, మంచికే, బీరువా అంతా మూటలు కట్టి, వీధి చివర పాతబట్టలు వేసే పెట్టెలో వేసేశారు. "కళ్ళముందుంటే నిన్ను తినేస్తాయిరా" అని. తను తల ఊపాడు. మూటలు కడుతున్నప్పుడు దారం కూడా తనే తెంపి ఇచ్చాడు. ఆది పోయింది. అంతం ఒక్కటే మిగిలింది, దానికి నమూనా అక్కర్లేదు, ఎవరికైనా సరిపోతుంది.

అలా ఒక్కొక్కటే జారిపోతుందన్నమాట. ఇవాళ భుజం, రేపు మెడ వంపు, ఎల్లుండి గొంతు. ఫొటోలున్నాయి, ఫొటోలో మనిషి పలకలాగా ఉంటుంది, చుట్టూ టేపు తిప్పలేం. మిగిలినవి ఆ మూడు చుక్కలు. అవి మాత్రం కళ్ళలో ఉన్నాయి, చోటు తప్పకుండా, మధ్యలో ఒకటి, చంక కింద పక్కగా ఒకటి, దానికి నాలుగు వేళ్ళ దిగువన ఇంకొకటి. అవి కూడా పోకముందే ఎక్కడో ఒకచోట దించుకోవాలి. కాగితం చినుగుతుంది, గుడ్డ వెలిసిపోతుంది. తన ఒళ్ళయితే తనతోపాటే పోతుంది, తన తర్వాత ఎవరికి కావాలి కనక.

సూదిపిల్ల చల్లటి మందుతో ఒళ్ళు తుడిచింది. వాసన, అదే వాసన, ఆస్పత్రి వాసన, కిరణాల గది వాసన. ఆ గదిలో గోడల నుంచి ఎర్రటి వెలుగు గీతలు వచ్చి ఒంటి మీద పడేవి, దారం పట్టి లాగినట్టు తిన్నగా. కిరణాలాయన, నిటారుగా కర్రలాంటి మనిషి, ఆ గీతలు కలిసేచోట సూదితో చిన్న చుక్కలు పొడిచాడు. రోజూ కిరణం ఇక్కడే పడాలి, వెంట్రుకవాసి పక్కకి పోకూడదు, అందుకని చెరగని గుర్తు అన్నాడు. తలుపు దగ్గర నిలబడి వింటున్న మాస్టారికి ఆ మనిషి మీద గౌరవం కలిగింది. గుర్తు సరిగ్గా ఉంటే కోత సరిగ్గా ఉంటుంది, మేనమామ చెప్పిన మాటే కదా. ఆవిడ బయటికొచ్చి, కోటు గుండీలు పెట్టుకుంటూ, "మీకన్నా గట్టి దర్జీ దొరికాడు మాస్టారూ. మీ సుద్ద ఉతికితే పోతుంది. ఈయన సుద్ద నన్ను ఉతికి ఆరేసినా పోదట" అంది.

"నొప్పెట్టిందా కస్టమరుగారూ?"

"చుక్కలు చూపించాడు. మూడే."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చాలాసేపు బయటికి చూసి, ఉన్నట్టుండి అంది. "వాక్యం చివర మూడు చుక్కలెందుకు పెడతారో తెలుసా మాస్టారూ? ఇంకా ఉంది, అయిపోలేదు అని." తను ఆ మాట పట్టుకున్నాడు. పడవ మునుగుతుంటే తాడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అవతలి కొస దేనికీ కట్టి లేదని అప్పుడు తెలీదు. ఇంకా ఉంది, ఇంకా ఉంది అని చుక్కలు చూసుకుంటూ వాక్యం మధ్యలో ఆగిపోయింది. ఆ మూడు చుక్కల తర్వాత ఏం చెప్పాలనుకుందో చెప్పనేలేదు.

సూదిపిల్ల చేతిలో మిషను మోగింది. జుయ్యిమని. మాస్టారి కుడికాలు తనంతట తనే కదిలింది, పెడలు మీదున్నట్టు. సూది పైకీ కిందికీ ఆడుతోంది, అచ్చం తన మిషను సూదిలాగే, కానీ తల తిప్పి చూస్తే కింద బాబిన్ లేదు. పైదారం ఉంటే కుట్టవుతుందా, కింద నుంచి ఇంకో దారం వచ్చి దాన్ని పట్టుకోవాలి, అప్పుడే ముడి, అప్పుడే బిగువు. కింది దారం అయిపోయింది తెలీక పైదారంతో కుట్టుకుంటూ పోతే, పైకి కుట్టు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, కొస పట్టి లాగితే మొత్తం ఊడొస్తుంది. అలాగే ఉంది ఇప్పుడు. పొద్దున్న లేస్తున్నాడు, పనికి పోతున్నాడు, ప్యాంట్లు పొట్టి చేస్తున్నాడు, పొడుగువాళ్ళ దేశంలో పొట్టి చేసే పని, ఇంటికొస్తున్నాడు. పైకి కుట్టు బ్రహ్మాండం. ఊరి నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేస్తే బాగానే ఉన్నానమ్మా అంటున్నాడు.

"ఏం బాగు బావా? మా అక్క లేని దేశంలో నీకేం పని?"

"కుట్టే పనమ్మా."

"ఇక్కడ మాత్రం గుడ్డల్లేవా, సూదుల్లేవా? వచ్చెయ్యి బావా, మా కళ్ళముందుంటావు."

వెళ్ళి? అక్కడ ఆవిడ లేదు. ఇక్కడా లేదు. కానీ ఇక్కడ లేకపోవడానికి చోట్లున్నాయి. బస్సులో కిటికీ పక్క సీటులో లేదు, వంటగదిలో పొయ్యి ముందు లేదు, ఆస్పత్రి మలుపులో లేదు. అక్కడికి పోతే ఎక్కడ లేదో కూడా తెలీదు.

"మొదటిది" అంది సూదిపిల్ల.

ఛాతీ మధ్య చురుక్కుమంది. ఎంతసేపు, చీమ కుట్టినంత. అయిపోయింది. ఇంతేనా? ఇంతేనా ఆవిడ పడింది? కాదు, ఇది మొదలు. దీని తర్వాత ఆవిడకి ఒళ్ళు కమిలింది, ఎడమవైపు రొమ్ము మీద, చంకలో, ఇస్త్రీపెట్టె మర్చిపోయి వదిలేసిన గుడ్డలాగా ఎర్రబడి, ఆపైన గోధుమరంగుకి తిరిగి, పొర లేచిపోయింది. సాయంత్రం పూట తన ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చునేది, తను చేతులు కడుక్కుని మందు రాసేవాడు, వేలితో కాదు, వేలి నీడతో రాసినట్టు. చుక్కలు అప్పుడే చూశాడు, అప్పుడే నేర్చుకున్నాడు, ఎదురుగా కూర్చుని, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. ఆవిడ కళ్ళు మూసుకుని ఏదో ఒకటి వాగుతూ ఉండేది, నొప్పి మాటల్లో పోవాలని. "మాస్టారూ, గుండీ ఊడితే కుడతారు, గుండె ఊడితే కుడతారా?" "రంగు దారం దొరికితే కుడతాను కస్టమరుగారూ." "ఏ రంగు?" "మీ రంగు." "మందు రాయండి చాలు, సరసం తర్వాత."

చెయ్యి పైకెత్తలేకపోయేది. జాకెట్లు పనికిరాలేదు. తన చొక్కాలే వేసుకుంది, ముందు తెరుచుకుంటాయి, వదులుగా ఉంటాయి. కానీ మగవాళ్ళ గుండీలు కుడివైపు ఉంటాయి, ఆడవాళ్ళవి ఎడమవైపు, పుట్టినప్పట్నుంచీ అలవాటైన వేళ్ళు అటుదిటు కాలేక తడబడేవి. "మీ మగాళ్ళకి ప్రతిదీ తిరగేసి పెట్టడమే తెలుసు" అని విసుక్కుంది. పైగా ఎడమవైపు జేబు సరిగ్గా కమిలిన చోట రాసుకునేది. అప్పుడు మాస్టారు ఇంట్లో మిగిలున్న నీలి చారల తానులోంచి కుట్టుకున్న రెండు చొక్కాల్లో ఒకదాన్ని తీసి, పట్టీలు విప్పేసి, కాజాలు మూసి రెండోవైపు కొత్తవి తీసి, గుండీలు ఎడమకి మార్చి, జేబు ఊడదీసి కుడివైపుకి కుట్టాడు. చారకి చార కలిసేలా. ఒక రాత్రి కాదు ఒక పగలు కాదు, కుట్టింది విప్పి మళ్ళీ కుట్టడం కన్నా కొత్తది కుట్టడం తేలిక, ఏ దర్జీనడిగినా చెప్తాడు. తొడుక్కుని, ఒక్కొక్క గుండీ తడుముకోకుండా పెట్టుకుని, జేబులో చెయ్యి పెట్టి ఖాళీగా ఉందని వెక్కిరించి, అద్దంలో తన పక్కన నిలబడింది. ఆ రోజు రెండో చొక్కా తన ఒంటి మీద ఉంది. "ఒక తాను ముక్కలం" అంది. చివరి రోజు ఆవిడ ఒంటి మీద అదే ఉంది, మార్చొద్దన్నాడు, దాంతోనే పంపించాడు. ఈ దేశంలో మంట కనిపించదు. తలుపు కనిపిస్తుంది. తలుపు మూస్తారు. మూసిన తలుపు ముందు మనిషిని కాసేపు నిలబడనిస్తారు, ఆ తర్వాత వెనకాల ఇంకొకళ్ళు వేచి ఉన్నారని మెల్లిగా భుజం తడతారు.

"రెండోది."

చంక కింద. ఇక్కడ ఎక్కువ తెలిసింది. ఒళ్ళు పలచన ఇక్కడ. ఇన్నేళ్ళూ ఈ ఒళ్ళు ఏం పొడిచిందయ్యా అంటే, ఇదిగో ఇది పొడిపించుకుంది. పెద్ద డాక్టరు చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో సూదిలాగా ఉంది. గురి తప్పలేదు, కిరణం పడవలసినచోటే పడింది, జబ్బే చోటు మార్చింది. దర్జీకి ఇంతకంటే బాగా అర్థమయ్యేలా ఎవరు చెప్పగలరు? గుర్తు సరిగ్గానే ఉంది, కత్తెర సరిగ్గానే పడింది, కింద గుడ్డ జరిగిపోయింది. సుద్దని తిట్టలేవు, కత్తెరని తిట్టలేవు. గుడ్డని తిడతావా? ఎముకల్లోకి పోయిందన్నారు. అక్కడ చుక్కలు పెట్టలేదు ఎవరూ. ఆ రోజు ఆవిడ పరాచికం ఆడలేదు. బస్సులో కిటికీ వైపు తనని కూర్చోమంది, తను లోపలి సీటులో కూర్చుంది. బయట చూడటానికేమీ లేదన్నట్టు. తనైనా ఒక మాట అనాల్సింది, ఏదో ఒక పిచ్చిమాట, గుండీ గుండె కలిపి ఏదో ఒకటి. బతుకంతా మాటలు అటు తిప్పి ఇటు తిప్పి కుట్టిన నోరు, ఆ ఒక్క బస్సులో తెరుచుకోలేదు. ఆ తర్వాత పొద్దు పొడిచేది, పొద్దు కుంగేది, ఏ పొద్దూ ఏమీ పొడవలేదు.

"ఆఖరిది" అంది సూదిపిల్ల. "బాగా ఓర్చుకుంటున్నారే."

ఓర్చుకోవడం కాదమ్మా, అయిపోతుందని బాధ. నాలుగు వేళ్ళ దిగువన. సూది దిగింది, లేచింది, దిగింది. ఇంకాస్త నొప్పెడితే బాగుండును అనుకున్నాడు. ఇదొక్కటైనా కాసేపు ఉంటే. మిషను ఆగింది. గదిలో నిశ్శబ్దం, కరెంటు పోయిన కొట్లో ఉండే నిశ్శబ్దం. కాలు ఇంకా పెడలు తొక్కుతూనే ఉంది.

"లేచి చూసుకోండి."

లేచాడు. కాగితం వీపుకి అంటుకుని లేచి, ఊడి, కింద పడింది. నిలువుటద్దం ముందుకి వెళ్ళాడు. తల ఎత్తడానికి భయమేసింది. ఎత్తాడు.

ఆవిడే. మధ్యలో ఒకటి. పక్కగా ఒకటి. నాలుగు వేళ్ళ దిగువన ఇంకొకటి. ముక్కాలిపీట మీద ఎదురుగా కూర్చున్నప్పుడు ఎటు కనిపించేవో అటే, తన కుడిచేతికి ఎదురుగా, ఎర్రటి చర్మం మధ్య నల్లగా. ఒక్క ఆవగింజ తేడా లేదు. భుజం మర్చిపోయినవాడు ఇది మర్చిపోలేదు. మందు రాయడానికి వేలు చాపినట్టు వేలు చాపాడు. అద్దం చల్లగా తగిలింది.

సూదిపిల్ల పరికరాలు తుడుచుకుంటూ, మాట కలపడానికన్నట్టు అడిగింది. "ఒకటి అడగనా? గుర్తుగా పెట్టించుకునేవాళ్ళంతా గుండె వైపు అడుగుతారు. మీరు ఇటు పెట్టించుకున్నారేం?"

మాస్టారు అద్దంలోంచి చూపు తీసి తన ఒంటి వైపు చూసుకున్నాడు. కుడిచంక కింద, కుడి పక్కన, చుట్టూ ఎర్రబడి, రెండు చుక్కలు. ఎడమవైపు, గుండె కొట్టుకుంటున్న వైపు, ఆవిడకి కమిలిపోయిన వైపు, ఖాళీగా, తెల్లగా, కోయని గుడ్డలాగా ఉంది. ఎదురుగా నిలబడినవాళ్ళ ఎడమ మన కుడిచేతి వైపు ఉంటుంది. అద్దంలో మన కుడి మన కుడిచేతి వైపే ఉంటుంది. అద్దంలో మనిషి ఎదుటిమనిషి కాడురా గాడిదా. పొద్దున్న బీరువా అద్దంలో ఎదురుగా నిలబడినవాళ్ళని తను ఎవరనుకున్నాడు? ఎవరి ఒంటి మీద గుర్తులు పెట్టాడు? ఇన్నేళ్ళలో ఒక్క కస్టమరు జేబు అటుదిటు చెయ్యనివాడు, ఒకే ఒక్క కస్టమరుది తిరగేశాడు. స్కేలు దెబ్బ కోసం వేళ్ళు ముడుచుకున్నాయి. కొట్టేవాళ్ళెవరూ లేరు. చుక్కెదురు అంటారే, ఇదే కాబోలు, చుక్క ఎదురుగానే ఉంది, తన దగ్గర లేదు.

"ఏమైనా తేడానా?" సూదిపిల్ల దగ్గరికొచ్చింది. ఆ పిల్ల మొహంలో నిజంగానే కంగారు. "ఇటువైపు కూడా పెట్టమంటారా? నిమిషం పని."

రెండువైపులా. అప్పుడు ఏది నిజమో అద్దానికీ తెలీదు, తనకీ తెలీదు. ఆవిడకున్నవి మూడే. కుట్టింది విప్పి మళ్ళీ కుట్టవచ్చు, ఇది గుడ్డ కాదు. "వద్దమ్మా. సరిపోయింది" అన్నాడు. ఈ దేశం భాషలో తనకి బాగా వచ్చిన మాట అది. ట్రయలు గది తెర తీసి బయటికొచ్చే ప్రతివాళ్ళతోనూ అనేదే. సరిపోయింది.

ఆ పిల్ల పలచటి కాగితంలాంటి పట్టీలు అంటించింది. కొక్కెం మీది చొక్కా తీసుకున్నాడు. తొడుక్కున్నాడు. కింది గుండీ నుంచి పైకి, వేళ్ళు వాటంతటవే పెట్టుకుంటూ పోయాయి. పై గుండీ దగ్గర తల ఎత్తాడు.

అద్దంలో నీలి చారల చొక్కా. గుండీలు ఎడమవైపు. జేబు కుడివైపు. చారకి చార కలిసి.

కాలిపోయిన చొక్కా. తను విప్పి, మూసి, మార్చి కుట్టిన చొక్కా. దాని లోపల, చారల వెనక, మధ్యలో, ఎడమవైపున, ఎక్కడ ఉండాలో అక్కడ మూడు చుక్కలు. అద్దంలో ఏదీ తప్పు లేదు. తప్పంతా ఇవతలే ఉంది. ఊపిరి బిగబట్టాడు. ఎప్పుడూ ఎవరినీ బిగబట్టనివ్వని మనిషి బిగబట్టాడు. అటువైపూ చొక్కా కదలడం మానేసింది. కళ్ళు మొహం దాకా ఎత్తకూడదు. మొహం దాకా ఎత్తితే మీసం ఉంటుంది, మాసిన గడ్డం ఉంటుంది, తను ఉంటాడు. మెడ దాకానే. మెడ దాకా ఆవిడ. భుజం. భుజం ఎంత? చూడు, సరిగ్గా చూడు, కుట్టు నుంచి కుట్టుకి, ఇప్పుడైనా. ఎంత చూసినా అది తన భుజమే.

తలుపు దగ్గర గంట మోగింది. తర్వాతి మనిషెవరో లోపలికొచ్చి, గొంతు సవరించుకుని, కుర్చీలో కూర్చున్నారు.

"సార్" అంది సూదిపిల్ల మెత్తగా. "వేరేవాళ్ళు వచ్చారు."

ఇంకొక్క నిమిషం అనడానికి ఆ భాషలో మాట రాలేదు. రేపు రండి అనే వచ్చు. తను తిరిగితే ఆవిడా తిరుగుతుంది, అదే క్షణాన, వీపు చూపించి, ఏమీ అనకుండా. కాలర్ సర్దాడు. ఆవిడా సర్దుకుంది.

సూదిపిల్ల మెల్లిగా భుజం తట్టింది.

తిరిగాడు.